విచారణలో ఉన్న గోంగూర

మొన్నొక మధ్యాహ్నం అన్నం తిని, ఫోన్ చూసుకుంటూ నడుం వాల్చాను. బీరపాదుకి పురుగు పడితే ఏం చెయ్యాలో చెప్పే వీడియో ఒకటి చూస్తున్నాను. అది అయిపోగానే దాని వెనకాలే ఒక తెల్లాయన ప్రత్యక్షమయ్యాడు. గుండెల మీదికి దిగిన గడ్డం. ఇంట్లో కొబ్బరిపొట్టు కుండీల్లో గంజాయి మొక్కలకి నీళ్ళు ఎలా పోయాలో ఇంగ్లీషులో చెబుతున్నాడు. వాళ్ళ దేశంలో అది నేరం కాదట. నాకూ ఆ మొక్కకీ ఏం సంబంధమని చూపించిందో ఆ ఫోన్‌కే తెలియాలి. తీసెయ్యబోతూ ఆయన మాటలు చెవిన పడి ఆగిపోయాను. పొట్టులో దానంతట దానికి సత్తువేమీ ఉండదట. నీళ్ళు పోసిన ప్రతిసారీ ఎరువు పలచగా కలిపి పోయాలట. అడుగు నుంచి కాస్త కారేదాకా పోయాలట. కారినదాన్ని మళ్ళీ పోయకూడదట.

ఈ పాఠం నాకు పాతదే. ఖతార్ దేశంలో, దోహాలో, అల్ మన్సూరాలోని మూడో అంతస్తు ఫ్లాట్‌లో మా సిస్టరమ్మ దగ్గర విన్నాను. ఈ గడ్డపాయన అప్పటికి బడికి వెళుతుండేవాడేమో. సిస్టరమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఫోన్ పక్కన పెట్టేసినా ఆవిడ మాత్రం పక్కకి పోలేదు. సాయంత్రం దాకా ఇంట్లోనే తిరిగింది.

తొంభైలలో సంగతి. మాకు కొత్తగా పెళ్ళయింది. మా ఆయన ఒక కంపెనీలో లెక్కలు చూసేవాడు. విడిగా ఫ్లాట్ తీసుకునే తాహతు లేక సిస్టరమ్మ ఫ్లాట్‌లో ఒక గది అద్దెకి తీసుకున్నాం. ఆవిడది కోనసీమ. ఆసుపత్రిలో నర్సు. భర్త అల్ ఖోర్‌లో గ్యాస్ కంపెనీలో పని చేస్తూ గురువారం సాయంత్రం వచ్చి, శుక్రవారం రాత్రి వెళ్ళిపోయేవాడు. మేం పెట్టె దించిన రోజు ఆవిడ నన్ను పేరు కూడా అడగలేదు. వెలుతురులోకి లాక్కెళ్ళి, కంటి కింది రెప్ప బొటనవేలితో కిందికి లాగి చూసింది.

"రక్తం లేదు పిల్లా నీకు. ఏం తిని పెరిగేవ్, గాలా?" అంది.

ఆ తర్వాత నా పేరు చెప్పినా ఏం లాభం లేకపోయింది. ఆవిడకి నేను చివరిదాకా 'పిల్లా'నే.

ఆవిడ నడక నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. ఇంట్లో కూడా వార్డులో నడిచినట్టే నడిచేది. తెల్లబూట్లు విప్పినా కాళ్ళకి ఆ తొందర పోయేది కాదు. ఎవరింటికి వెళ్ళినా ముందు వాళ్ళ గోళ్ళు చూసేది, తర్వాత మొహం చూసేది. పొగిడితే గిట్టదు. ఎవరైనా "మీరు దేవతండీ" అంటే, "దేవతకి జీతం ఇవ్వరు, నాకిస్తారు" అనేది.

మా చర్చి సంఘం వాళ్ళం ప్రతి శుక్రవారం ఒకరి విల్లాలో ఆరాధనకి చేరేవాళ్ళం. గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్ళే అందరూ. మా వైపు సంఘాల్లో ఏడాదికోసారి కోతల పండగ చేస్తారు. ఆ రోజు ఎవరి చేలో పండింది వాళ్ళు మొదటి పంటగా తెచ్చి దేవుడి ముందు పెడతారు. ధాన్యం కంకులు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కోడిపుంజులు. దోహాలో చేలెక్కడివి? అందరూ సూపర్ మార్కెట్ ఆపిల్ పళ్ళు కవర్లతో సహా తెచ్చి పెట్టేవాళ్ళు. సిస్టరమ్మకి అది మింగుడు పడలేదు.

"కొనుక్కొచ్చి ప్రథమఫలం అంటే దేవుడు బిల్లు అడుగుతాడు" అంది. "వచ్చే పండక్కి నా చేత్తో పండించింది పెడతాను."

ఏం పండిస్తుందంటే గోంగూర. ఎక్కడంటే హాలుకి ఆనుకుని గాజుపలకలతో మూసేసిన బాల్కనీలో. బయట పెడితే ఆ ఎండకి మొక్క కాదు, కుండీయే ఉడుకుతుంది. మట్టి కొందామంటే అక్కడ దొరికేది ఇసక. అందుకని సెలవుకి వెళ్ళినప్పుడు తమ్ముడి కొబ్బరిపీచు తాళ్ళ ఫ్యాక్టరీ నుంచి కొబ్బరిపొట్టు రెండు బస్తాలు లగేజీలో వేసుకొచ్చింది. విమానాశ్రయంలో దాన్ని చూసి ముగ్గురు ఆఫీసర్లు వాసన చూశారట. వాళ్ళకి చాయ్‌పొడి అనిపించిందేమోనని ఆవిడ అనుమానం.

మొదటి విత్తనాలు మొలిచి, రెండాకులు వేసి, అంచులు మాడి చచ్చిపోయాయి. తప్పు ఆవిడదే, ఆ తప్పు కోనసీమ వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. వాళ్ళ ఊళ్ళో కొబ్బరిచెట్టు మొదట్లో ఉప్పు వేస్తారు. పొట్టు కూడా కొబ్బరి బిడ్డే కదా అని ఆవిడ ప్రతి కుండీలో గుప్పెడు కల్లుప్పు వేసింది. అసలా పొట్టు ఉప్పుటేటిలో నానబెట్టిన కొబ్బరి డొక్కలది. ఉన్న ఉప్పు చాలదన్నట్టు మళ్ళీ ఉప్పు. సంగతి అర్థమయ్యాక ఆవిడ తనని తనే తిట్టుకుంది.

"చెట్టు తినే కూడు పసిపిల్లకి పెట్టేను. అయినా కొబ్బరి చచ్చి పొట్టయ్యాక దానికింకా ఉప్పేంటే, బుద్ధి లేకపోతే సరి."

ఇక కడగడం మొదలైంది. బాత్‌రూంలో బకెట్లకి బకెట్లు పొట్టు నానబెట్టి, పిండి, నీళ్ళు ఒంపి, మళ్ళీ నానబెట్టి. ఒంపిన నీళ్ళు నాలుక కొసకి తగిలించి ఉప్పదనం చూసేది. తూము మూసుకుపోతే మా ఆయన లుంగీ ఎగ్గట్టి, పుల్లతో పొడుస్తూ, "ఇది అద్దె కాదు, ఊడిగం" అని గొణిగేవాడు.

రెండోసారి వేసిన విత్తనాలు నిలబడ్డాయి. అప్పుడు చూడాలి ఆవిడ సేవ. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటే గాని మొక్కని ముట్టుకోదు. కుండీలని మొదటి బెడ్, రెండో బెడ్ అని పిలిచేది. రోజూ ప్రతి కుండీని కాస్త తిప్పేది. ఎందుకంటే, "ఒకే పక్క పడుకుంటే పుండ్లు పడతాయి" అనేది. వ్యవసాయం సామాన్ల షాపులో దొరికే ఎరువు పొడిని పలచగా కలిపి, చెంబుతో కాక మంచినీళ్ళ గ్లాసుతో కొంచెం కొంచెంగా పోసేది. నాకు అర్థం కాలేదు. ఉత్త నీళ్ళు పోసి, వారానికోసారి ఎరువు వేస్తే చాలదా అని అడిగాను.

"మట్టి తల్లి పిల్లా, పొట్టు ఆయా" అంది. "తల్లి దగ్గరైతే పిల్ల ఏదో ఒకటి చీకుతుంది. ఆయా దగ్గర ఏముంటుంది? మనం డబ్బా కలిపిస్తే పట్టిస్తుంది, లేకపోతే ఊరికే ఎత్తుకు కూచుంటుంది."

కుండీ కింద పళ్ళెంలోకి కారిన నీళ్ళు చూసి గాని లేచేది కాదు. లోపలికి పోయినదెంత, బయటికి వచ్చినదెంత, రోగి కథంతా ఈ రెంటిలోనే ఉందని ఆవిడ సిద్ధాంతం. ఆ నీళ్ళు వృథాగా పోతున్నాయని ఒకసారి నేను మళ్ళీ కుండీలో పోయబోతే చెయ్యి పట్టుకుంది. "ఉచ్చ తాగిస్తావేంటే?" అంది. అంతటితో నా పొదుపు బుద్ధి వదిలింది.

వెలుతురు చాలడం లేదని ట్యూబ్‌లైట్లు పెట్టించింది. పెట్టినవాడు కరీంనగర్ వైపు కుర్రాడు. ఇండస్ట్రియల్ ఏరియాలో క్యాంప్‌లో ఉంటూ కరెంటు పని చేసేవాడు. ఒకప్పుడు సైట్‌లో చెయ్యి కోసుకుని వస్తే సిస్టరమ్మ కుట్లు వేసిందట. అప్పటి నుంచి సెలవు దొరికితే వచ్చి ఏదో ఒకటి బాగుచేసి, అన్నం తిని వెళ్ళేవాడు. మొక్కలు చూసి నవ్వాడు.

"గిది మా తాన పుంటికూర అంటం సిస్టరమ్మా. గని మాది గుండ్రంగుంటది. గిట్ల ఏళ్ళు ఏళ్ళు ఉండది."

నిజమే. అది కోస్తా గోంగూర, ఆకు అయిదు వేళ్ళు చాచినట్టుంటుంది. ఆ వేళ్ళే మా కొంప మీదికి తెచ్చాయి.

సెప్టెంబరు కల్లా మొక్కలు నా నడుం దాటాయి. రాత్రీ పగలూ ట్యూబ్‌లైట్లు వెలుగుతుంటే, గాజుపలకల మీద ఆ ఆకుల నీడలు రోడ్డు దాకా కనపడేవి. ఒక మధ్యాహ్నం తలుపు కొట్టారు. సిస్టరమ్మ అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది, ఇంకా యూనిఫాంలోనే ఉంది. తలుపు తీస్తే బిల్డింగ్ ఓనరు, పక్కన నాతూర్. నాతూర్ అంటే బిల్డింగ్ కాపలా చూసే మనిషి, ఈజిప్టు వాడు. ఓనరు ఖతారీ ముసలాయన, చేతిలో ఎప్పుడూ తస్బీ, అదే వాళ్ళ జపమాల, తిరుగుతూ ఉండేది. ఇంట్లో మగవాళ్ళు లేరని గడప దాటలేదు. బాల్కనీలో ఉన్న కుండీ ఒకటి తెచ్చి చూపించమన్నాడు.

సిస్టరమ్మ తెచ్చి గడపలో పెట్టింది. వార్డులో నేర్చుకున్న అరబ్బీ ఆవిడకి బాగానే వచ్చు. నాకు సగం అప్పుడే అర్థమైంది, మిగతా సగం తర్వాత చెప్పించుకున్నాను.

"ఇదేమిటి?"

"కూర."

"హషీష్ అని నాతూర్ అంటున్నాడు."

"నాతూర్‌కి కళ్ళున్నాయి, నాలిక లేదు. ఇది మేం రోజూ తినే కూర. పుల్లగా ఉంటుంది." ఒక ఆకు తుంచి ఆయన ఎదుటే నమిలింది. ఇంకోటి తుంచి చాచింది.

ముసలాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "హషీష్ ఆకు పులుపో తీపో నాకెలా తెలుస్తుంది? ఎప్పుడైనా తిన్నానా?"

అది కాదనలేని మాట. ఆ దేశంలో గంజాయి అన్న మాట ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. ఉద్యోగం పోవడం, దేశం నుంచి పంపించెయ్యడం తర్వాత సంగతి, ముందు జైలు. మా ఆయనా, నేనూ, ఆ కరీంనగర్ కుర్రాడూ అందరం అందులోకే.

అప్పుడు నాతూర్ కొంచెం మెత్తబడ్డాడు. అతనిది అస్వాన్ వైపు. అక్కడ కర్కదే అని ఎర్రటి షరబతు కాచుకునే మొక్క వేస్తారట. దాని ఆకూ పుల్లగానే ఉంటుంది కాని ఇలా ఉండదు. "పువ్వు చూస్తే చెబుతాను. కర్కదే చుట్టమైతే బెండపువ్వు లాంటి పసుప్పువ్వు, నడుమ ముదురు ఎరుపు ఉండాలి" అన్నాడు.

ఓనరు తస్బీలో రెండు పూసలు జరిపాడు. "నేను మక్కాకి, ఉమ్రా చెయ్యడానికి వెళుతున్నాను. అటునుంచి అటు తమ్ముడింట్లో కొన్నాళ్ళుంటాను. తిరిగి వచ్చేసరికి పువ్వు చూపించు. లేకపోతే పోలీసుల్ని నేనే తీసుకొస్తాను. నా బిల్డింగ్ మీద మాట రాకూడదు" అన్నాడు. ఈవేళకీ అనుకుంటాను, ఆయన ధర్మాత్ముడు. ఆ రోజే ఫోన్ చేసి ఉంటే అడిగేవాళ్ళెవరు?

ఆ శుక్రవారం ఇంట్లో పంచాయితీ. "పీకి పారేద్దాం. వంకాయ తిన్నా ప్రాణం నిలుస్తుంది" అన్నాడు మా ఆయన. సిస్టరమ్మ భర్త భార్య మొహం చూశాడు. ఆవిడ ఎటంటే ఆయన అటే. కరీంనగర్ కుర్రాడు మాత్రం నేల చూస్తూ అన్నాడు.

"సిస్టరమ్మా, సంచిల ఏసి ఇయ్యుండ్రి. కంపెనీ బస్సుల ఏస్కపోయి సైట్ల బొందవెడ్త. దొరికితే నేనొక్కణ్నే దొరుకుత. మీకేం గాదు."

ఆ మాటకి సిస్టరమ్మ కళ్ళు తడయ్యాయి. గొంతు మాత్రం మారలేదు. "నువ్వు అన్నం తిను బాబూ" అని వాడికి ఇంకో గరిటె వడ్డించింది. తర్వాత అందరికీ కలిపి చెప్పింది. "పీకేమంటే నేరం చేసి దాచినట్టే. పువ్వు పూస్తుంది. గోంగూర పుయ్యక ఏం చేస్తుంది?"

గోంగూర పూయలేదు. ఆవిడ ఇంకా శ్రద్ధగా మేపింది, అది ఇంకా గుబురుగా పెరిగింది. కొత్తగా వేసిన ప్రతి ఆకూ అయిదు వేళ్ళూ చాచి, నేను గంజాయినే అని చెబుతున్నట్టుండేది. మా ఆయన బాల్కనీ వైపు చూడడం మానేశాడు. ఈలోగా కోతల పండగ రానే వచ్చింది. గోంగూర కట్ట పట్టుకుని వీధిలో నడవలేం కదా, సిస్టరమ్మ ఉత్త చేతులతో వచ్చింది. అందరూ ఆపిల్ కవర్లు పెడుతుంటే పాస్టరుగారు ఆవిడ వంక చూశారు. ఆవిడ లేచి నిలబడింది.

"ఈ ఏడు నా పంట విచారణలో ఉందండి. ప్రార్థన చెయ్యండి" అని కూచుంది. అందరూ నవ్వారు. పక్కన కూచున్న నాకు మాత్రం ఆవిడ ఏ పాటా తియ్యకుండా పాటల పుస్తకం పేజీలు తిప్పుతూ ఉండడం కనపడింది.

ఇంటికొచ్చాక బాల్కనీ గడపలో కూలబడి మొక్కల్ని చూస్తూ ఉండిపోయింది. పట్టపగలు ట్యూబ్‌లైట్లు వెలుగుతున్నాయి. ఉన్నట్టుండి, "పిల్లా, ఈ లైట్లు ఎప్పుడైనా ఆర్పేమా?" అంది.

ఆర్పలేదన్నాను. వెలుతురు ఎంత ఉంటే అంత మంచిదని ఆవిడే చెప్పింది.

"మా ఊళ్ళో చర్చి ఆవరణలో విత్తనానికని గోంగూర వదిలేవాళ్ళం. పొద్దు తగ్గేక అంతా పూతకొచ్చేది. రాత్రంతా వెలిగే దీపస్తంభం కింద ఉన్న నాలుగు మొక్కలు మాత్రం పూసేవి కావు. పచ్చగా అలాగే నిలబడేవి. పాస్టరమ్మగారు వాటిని గొడ్డుమొక్కలనేది." ఆగి, నెత్తి మీద కొట్టుకుంది. "గొడ్డువేం కావే. నిద్ర లేక. వార్డులో లైటు ఆర్పకపోతే రోగి కోలుకుంటాడా? నేను నర్సునై ఉండి వీటిని రాత్రనేది లేకుండా చేశాను."

ఆ రోజు నుంచి పొద్దుగూకే వేళ మసీదు నుంచి మగ్రిబ్ అజాన్ వినపడగానే లైట్లు ఆర్పేసేది. ఎదురు బిల్డింగ్ వెలుతురు పడకుండా ఒక్కో కుండీ మీద నల్ల దుప్పటి కప్పి, కొసలు లోపలికి దోపేది. పొద్దున్నే తీసేది. తను సాయంత్రం డ్యూటీకి వెళ్ళిన రోజు ఆ పని నాది. ఎరువు కూడా మార్చింది. పెరిగే పిల్లకి పెట్టే తిండి వేరు, నెల తప్పినదానికి పెట్టే తిండి వేరు అని షాపువాడికి చేతులతో చూపించి వేరే పొడి తెచ్చింది. ఆ అభినయం ఎలా చేసిందో తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

నాకు దేవుడి మీద నమ్మకం ఉంది గాని ఆ దుప్పట్ల మీద లేదు. అయినా కప్పాను. కొన్ని వారాలు ఏమీ లేదు. తర్వాత ఒక పొద్దున దుప్పటి తీస్తే మూడో బెడ్ మీద ఆకు పంగలో చిన్న మొగ్గ ఉంది. పరుగెత్తుకెళ్ళి లేపితే ఆవిడ వచ్చి చూసి, ముట్టుకోబోయి, ఆగి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. నేను ఏడ్చేశాను.

ఓనరు తిరిగొచ్చాడు. ఒక సాయంత్రం నాతూర్‌తో సహా తలుపు ముందు నిలబడ్డాడు. మొదటి పువ్వు ఆ పొద్దుటే విచ్చుకుంది, మధ్యాహ్నానికి ముడుచుకుపోయింది. సిస్టరమ్మ కుండీ తెచ్చి పెట్టింది. ఆయన వంగి చూస్తే ముడుచుకున్న పీలిక తప్ప ఏమీ లేదు.

"ఇదా పువ్వు?"

"పొద్దున విచ్చుకుంటుంది. ఇంకో మొగ్గ సిద్ధంగా ఉంది. రేపు పొద్దున రండి."

ముసలాయన మొహం బిగుసుకుంది. "ముందు పువ్వన్నావు. ఇప్పుడు పొద్దున అంటున్నావు." నాతూర్ చిన్నగా దగ్గి, బెండపువ్వు కూడా మధ్యాహ్నానికి మూసుకుంటుందని చెప్పాడు. ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు. రేపు పువ్వు చూడ్డానికి వస్తాడో, పోలీసులతో వస్తాడో మాకు తెలియలేదు. మా ఆయన పాస్‌పోర్టు కాపీలు తీసి దిండు కింద పెట్టుకున్నాడు. అదేం రక్షణో నాకు తెలియదు.

పొద్దున వాళ్ళిద్దరే వచ్చారు. సిస్టరమ్మ దుప్పటి తియ్యకుండానే కుండీ గడపలోకి తెచ్చి, వాళ్ళ ఎదురుగా తీసింది. పువ్వు పూర్తిగా విచ్చుకుని ఉంది. లేత పసుపు, నడుమ ముదురు ఎరుపు. నాతూర్ ఏదో గట్టిగా అని ఓనరు భుజం తట్టబోయి, హోదా గుర్తొచ్చి ఆగిపోయాడు.

ముసలాయన వంగి పువ్వుని దగ్గరగా చూశాడు. తర్వాత తలెత్తి అడిగాడు. "నేను ఊళ్ళో లేను. పీకేస్తే ఎవరికి తెలిసేది? ఎందుకు పీకలేదు?"

"పీకేస్తే, అది హషీషేనని మీరు బతికున్నంత కాలం అనుకునేవారు. మీ నోట్లో నా పేరు అలా ఉండిపోవడం నాకిష్టం లేదు."

ఆయన తస్బీ ఆగింది. చెయ్యి చాచాడు. సిస్టరమ్మ లేత ఆకు ఒకటి తుంచి ఇచ్చింది. నోట్లో వేసుకుని నమిలి, రెండు కళ్ళూ మూసేశాడు. "ఇది రోజూ తింటారా మీరు?" అని పాపం జాలిగా అడిగాడు. ఆ పులుపు దిగేదాకా ఆగి, వెళుతూ వెళుతూ అన్నాడు. "చలికాలం వచ్చింది. గాజుగదిలో దాచడం దేనికి? కింద గోడపక్కన వేసుకో. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ చూస్తారు."

తలుపు వేసి సిస్టరమ్మ దానికి ఆనుకుని అలాగే కిందికి జారి కూచుంది. ఎందుకో నేను వెళ్ళి ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. అందరి నాడీ చూసే మనిషి, తన నాడి ఎవరు చూశారు? అది గబగబా కొట్టుకుంటోంది.

"భయపడ్డారా సిస్టరమ్మా?"

"పడనేంటే? ఇన్నాళ్ళూ నిద్ర పోయింది ఆ మొక్కలొక్కటే" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. మా ఆయన గది తలుపు ఓరగా తీసి, పచ్చడి చేస్తారా అని అడిగాడు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"ఆకు కొయ్యి పిల్లా, పూతకొచ్చిన కొమ్మలు మాత్రం ముట్టుకోకు. విత్తనం చాలా కావాలి. కింద ఆ గోడ ఎంత పొడుగుందో ఎప్పుడైనా చూశావా?"